టేపు వేసిన గదిలో కదంబం

పోయిన చలికాలం రియాద్‌లో ఒక పెద్ద నాటకశాలకి వెళ్ళాను. మా ఆస్పత్రిలో నాతో పనిచేసే అమ్మాయి ఒక టికెట్టు మిగిలిపోయిందని బలవంతపెట్టి తీసుకెళ్ళింది. నేను పెరిగిన రోజుల్లో ఈ దేశంలో సినిమా హాలు కూడా లేదు. ఇప్పుడు స్టేజి మీద గుర్రాలు, రంగుల ఫౌంటెన్లు, వందమంది డాన్సర్లు. కథంటూ ఏమీ లేదు. ఒక పాట, ఒక ఆట, ఒక నవ్వులాట, ఒకదాని వెనక ఒకటి. చివర్లో మబ్బుల్లోంచి ఒకావిడ రెక్కలు తగిలించుకుని కిందికి దిగింది. హాలంతా ఫోన్లు పైకెత్తింది. నేను మాత్రం తీగ ఎక్కడ కట్టారా అని ఆవిడ నడుం వైపు చూశాను. అలా దిగేటప్పుడు ఊపిరి బిగబట్టాలి, లేకపోతే తోలుపట్టా పక్కటెముకల్ని నొక్కేస్తుంది. ఆ సంగతి నాకు పదకొండో ఏటే తెలుసు. చెప్పింది మా అమ్మమ్మ.

"ఎలా ఉందక్కా?" అంది పక్క సీట్లోంచి ఆ అమ్మాయి.

"బాగుంది," అన్నాను. ఇంకో మాట ఎత్తితే ఎక్కడ ఆపాలో తెలియదు.

కువైట్ యుద్ధం నాటి సంగతి ఇది. మేం సౌదీ తూర్పు తీరాన ఖతీఫ్‌లో ఆస్పత్రి క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. అమ్మ నర్సు. నాన్న రియాద్ అవతల అల్ ఖర్జ్ దగ్గర పాల ఫారంలో చల్లగదుల యంత్రాలు చూసేవారు. నెలకోసారి గురువారం వచ్చి శుక్రవారం సాయంత్రానికల్లా వెళ్ళిపోయేవారు. ఆయన సంచీలో ఎప్పుడూ పెరుగు డబ్బాలుండేవి. ఆయన చొక్కాకి పాలవాసన, అమ్మ చీరకి డెట్టాల్ వాసన, కిటికీ తీస్తే సముద్రం వైపు నుంచి చేపల వాసన. నా చిన్నతనమంతా ఆ మూడు వాసనలే.

ఆ ఎండాకాలం అమ్మమ్మ విజిట్ వీసా మీద మా దగ్గరికి వచ్చింది. అమ్మకి డ్యూటీలు పెరిగి నన్ను చూసుకునేవాళ్ళు లేక పిలిపించారు. నేను అంతకుముందు ఆవిణ్ణి రెండుసార్లే చూశాను. డెబ్భై ఏడో, డెబ్భై ఎనిమిదో ఏళ్ళు. సన్నగా, పొడుగ్గా ఉండేది. వంటింట్లోంచి హాల్లోకి వచ్చినా ఎవరో చూస్తున్నట్టే నడిచేది. పొద్దున్నే మొహానికి పౌడరు రాసుకోకుండా గదిలోంచి బయటికి వచ్చేది కాదు. గొంతు చించుకోకుండానే ఆవిడ మాట మూడో అంతస్తు దాకా వినపడేది. "మెల్లిగా మాట్టాడమ్మా," అనేది అమ్మ. అమ్మ ఆవిడతో అనే మాటల్లో సగం అవే.

అమ్మమ్మ తెచ్చిన ఎండురొయ్యలు, గోంగూర పచ్చడి అయిపోకముందే కువైట్ మీదికి సైన్యం వచ్చిందన్నారు. నెమ్మదిగా బిల్డింగు ఖాళీ అయింది. మలయాళీ పిల్లలు వెళ్ళిపోయారు. నాతో తొక్కుడుబిళ్ళ ఆడే హైదరాబాద్ అమ్మాయి, "రేపే పోతున్నం" అని చెప్పి మర్నాడు కనపడలేదు. నర్సుల సెలవులన్నీ రద్దు చేశారు కాబట్టి అమ్మ కదలడానికి లేదు. పిల్లనైనా పంపించేద్దామన్నారు నాన్న. ఎవరి దగ్గరికి? ఉన్న ఒక్క అమ్మమ్మా ఇక్కడే చిక్కుకుపోయింది. బడి మూసేశారు. నాలుగు అంతస్తుల బిల్డింగులో పిల్లనంటూ నేనొక్కదాన్నే మిగిలాను. మెట్ల మీద నా చెప్పుల చప్పుడు నాకే వినపడేది. కింద కాపలా ఉండే పఠాన్ తాత నన్ను చూస్తే చాలు, "అందర్ జావో బేటీ" అని లోపలికి తరిమేవాడు. ఆ రోజుల్లో బయటివాళ్ళెవరైనా నాతో మాట్లాడారంటే అదొక్కటే.

ఆస్పత్రివాళ్ళు చెప్పినట్టు అమ్మ పడకగది కిటికీలకి ప్లాస్టిక్ షీటు కప్పి అంచులకి గోధుమరంగు టేపు అంటించింది. గ్యాసు బాంబు పడితే అందరం అందులోకి వెళ్ళి తలుపు కింద తడితువ్వాలు పెట్టుకోవాలి. మాస్కులు ఇఖామా, అదే ఇక్కడ ఉండడానికిచ్చే కార్డు, ఉన్నవాళ్ళకే ఇచ్చారు. అంటే అమ్మకొకటి, నాకొకటి. విజిట్ వీసా మీద వచ్చిన అమ్మమ్మ పేరు లిస్టులో లేదు.

"పోన్లెద్దూ, నాకెందుకవి? తడిగుడ్డ కప్పుకుంటాను," అంది అమ్మమ్మ.

టేపు వేశాక ఆ గదిలో పట్టపగలే మసకగా ఉండేది. ఒకరోజు నేను అక్కడ కూర్చుని ఏడుస్తున్నాను. భయమేసి కాదు, ఏమీ తోచక. అమ్మమ్మ గుమ్మంలో నిలబడి గది నలుమూలలా చూసి, "మా గ్రీన్‌రూము అచ్చం ఇలాగే ఉండేదే," అంది.

అంతవరకూ అమ్మమ్మ నాటకాల మనిషని నాకెవరూ చెప్పలేదు. ఏడో ఏట నుంచీ ఒక పెద్ద నాటకాల కంపెనీలో వేషాలు వేసిందట. కంపెనీ ఊరు మారాలంటే రైల్లో రెండు వ్యాగన్లు కావాలి, ఒకటి మనుషులకి, ఒకటి తెరలకి. రాజమహలు తెర, అడవి తెర, కైలాసం తెర. కైలాసం తెర మీద అద్దిన వెండిపొడి పెట్రోమాక్సు వెలుగులో మంచులా మెరిసేది. సముద్రం కావాలంటే పొడుగాటి దూలాలకి నీలం గుడ్డ చుట్టి అటు నలుగురు ఇటు నలుగురు తిప్పేవారు. మెరుపుకి దివిటీ మీద గుగ్గిలం పొడి విసిరేవారు. ఉరుముకి పెద్ద రేకు. దేవతలు పైనుంచి తీగల మీద దిగేవారు.

"నువ్వూ దిగావా అమ్మమ్మా?"

"దిగకేం? పదేళ్ళు నేనే లక్ష్మిని. ఓసారి తీగ మధ్యలో పట్టేసింది. అరగంట గాల్లో వేలాడాను. జనానికి తెలియకూడదని నవ్వుతానే ఉన్నాను, కాళ్ళు తిమ్మిరెక్కి చస్తన్నా సరే."

ఊరు వదిలి వెళ్ళే ముందు ఆఖరి ఆటని కదంబం అనేవారట. ఆ ఒక్క రోజు పూర్తి నాటకం ఉండదు. ఏ నాటకంలో ఏ ముక్క జనానికి నచ్చిందో ఆ ముక్కల్ని తెంపి వరసగా గుచ్చేవారు. ఒక యుద్ధం, ఒక డాన్సు, ఒక తాగుబోతు హాస్యం, స్వర్గం, నరకం, మళ్ళీ ఒక డాన్సు. ఎంత ఖర్చయినా సరే, ఉన్న తెరలన్నీ దించాల్సిందే. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం బళ్ళు కట్టుకుని వచ్చేవారట. టాకీలు వచ్చాక బళ్ళు తగ్గాయి. తెరలు చిరిగాయి, కొత్తవి రాలేదు. చిరుగులకి మాసికలు వేసుకుంటూనే అమ్మమ్మ ఇంకో ఇరవయ్యేళ్ళు ఆ కంపెనీలోనే ఉంది.

అది విన్న రోజే మేమూ కదంబం వేద్దామని పట్టుబట్టాను. నిజానికి ఆవిడ కూడా నేనెప్పుడు అడుగుతానా అని చూస్తోందేమో. అమ్మ డ్యూటీకి వెళ్ళగానే మా ఆట మొదలయ్యేది. నీలం దుప్పటి సముద్రం. కేకు చేసే రేకు ఉరుము. అమ్మ బ్యాగులోంచి క్రేపు బ్యాండేజీ చుట్టలు దొంగిలించి కిరీటాలకీ నగలకీ వాడాం. గుగ్గిలం లేదని బొంబాయి రవ్వ మంట మీద చల్లి, మెరుపు రాకపోగా ఇల్లంతా మాడువాసన చేశాం. మధ్యాహ్నం కాగానే ఆవిడ ఖుబ్జ్ రొట్టె ముక్కలు చింతపండు పులుసులో నానేసి పెట్టేది. కంపెనీలో చద్దన్నం అలాగే తినేవారట. "నమలు, నమలు. గొంతులోకి గాలి పోవాలంటే పొట్టలో బరువుండాలి," అనేది. నెలల తరబడి నాతో ఎవరూ అంతసేపు మాట్లాడలేదు. యుద్ధం నిజంగా మొదలై సైరన్లు మోగుతున్నా, ఆ కొన్ని వారాలూ నేను సంతోషంగా ఉన్నాను. ఈ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

ఆఖర్న మిగిలింది పెద్ద ఘట్టం. పాము కరిచి చచ్చిపోయిన కొడుకుని తల్లి ఒళ్ళో వేసుకుని ఏడ్చేది. చిన్నప్పుడు ఆ పిల్లాడి వేషం కూడా అమ్మమ్మే వేసిందట. పెద్దయ్యాక తల్లి వేషం.

"విషమెక్కిన పిల్లాడు నీలంగా ఉండాలి కదా," అన్నాను నేను. నోటిపూతకి రాసే ఊదారంగు మందు సీసా అమ్మ అలమరలో ఉంది. అది తెచ్చి పెదాలకీ, గోళ్ళకీ, కళ్ళ కిందా దూదితో నేనే రాసుకున్నాను. అమ్మమ్మ చూసి మురిసిపోయింది. "కదలకు. తెర పడేదాకా శవం శవమే," అంది. నా తల ఒళ్ళో పెట్టుకుని రాగం తీసింది.

అమ్మ ఆ రోజు అరగంట ముందే వచ్చేసింది. ఆ వారమే ఆస్పత్రిలో నర్సులందరికీ ట్రైనింగు ఇచ్చారని మాకు తర్వాత తెలిసింది. విషవాయువు పీల్చిన మనిషి ఎలా ఉంటాడో, పెదాలు ఎలా నల్లబడతాయో బొమ్మలు చూపించి మరీ చెప్పారట.

తలుపు తీసిన చప్పుడు నాకు వినపడింది. కానీ నేను శవాన్ని. కదలలేదు.

అమ్మ గొంతు నుంచి ఒక చప్పుడు వచ్చింది. అది కేక కూడా కాదు, ఏమనాలో నాకు తెలియదు. మరుక్షణం నేను నేల మీద ఉన్నాను. అమ్మ నా ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదుతోంది. ఊపిరాడక కళ్ళు తెరిచాను.

"అమ్మా, ఇంకా తెర పడలేదు," అన్నాను.

అమ్మ వెనక్కి కూలబడింది. ఆవిడ పెదాలకి కూడా ఊదారంగు అంటుకుంది. నన్ను పట్టి పట్టి చూసింది, వేలితో నా పెదవి రుద్ది వాసన చూసింది. తర్వాత చెంప పగలగొట్టింది. అంతకుముందెప్పుడూ నన్ను కొట్టలేదు. ఆపైన అమ్మమ్మ వైపు తిరిగింది.

"నీకు ఇదే కావాలి గదా! ఒళ్ళో ఓ పిల్ల చచ్చి పడుండాలి, నువ్వు ఏడవాలి, నలుగురూ చూడాలి."

"ఆడుకుంటన్నామే..."

"నాకు ఏడో ఏట టైఫాయిడ్ వచ్చింది, గుర్తుందా? మిషన్ హాస్టల్లో ఇరవయ్యొక్క రోజులు మంచం మీదున్నాను. వార్డెనమ్మ నీకు ఉత్తరం రాసింది. మీ కంపెనీ ఎనిమిది మైళ్ళ దూరంలో ఉంది. తలుపు చప్పుడైతే చాలు, నువ్వే అనుకునేదాన్ని. నువ్వక్కడ ఎవరి పిల్ల కోసమో ఏడుస్తా కూర్చున్నావు. నీ పిల్ల దగ్గరికి మాత్రం రాలేదు."

అమ్మ హాస్టల్లో పెరిగిందని తెలుసు గానీ, ఎందుకు పెరిగిందో నాకప్పుడే తెలిసింది. ఎలాగైనా ఈ గొడవ ఆగాలని, "ఉత్తరం అందలేదేమో అమ్మా," అన్నాను.

అమ్మమ్మ నా వంక చూసింది. నేను చేతికందించిన ఆ అబద్ధాన్ని ఆవిడ పుచ్చుకోలేదు.

"అందింది," అంది. "రావచ్చు. రాలేదు."

ఆ మందు వారం దాకా వదల్లేదు. అద్దంలో చూసుకున్నప్పుడల్లా ఏడుపొచ్చేది. అమ్మ అమ్మమ్మతో మాట్లాడడం మానేసింది. అన్నం వడ్డించేది, మంచం మీద దుప్పటి మార్చేది, మాట మాత్రం లేదు. అమ్మమ్మ పౌడరు రాసుకోవడం మానేసింది. పౌడరు లేకుండా ఆవిడ మొహం ఎవరో తెలియని ముసలావిడ మొహంలా ఉండేది. నన్ను పిలిచేది కాదు. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే, "చదువుకో అమ్మడూ," అనేది. ముగ్గురం ఒకే ఇంట్లో ఉన్నాం గానీ, బిల్డింగంతా ఖాళీ అయిన రోజు కూడా నాకు అంత ఒంటరిగా అనిపించలేదు.

ఒక సాయంత్రం మగ్రిబ్ నమాజు పిలుపు అయిన కాసేపటికి సైరన్ మోగింది. అమ్మ ఇంట్లోనే ఉంది. ముగ్గురం గదిలోకి వెళ్ళాం. అమ్మ నాకు మాస్కు తొడిగి పట్టీలు బిగించింది. రబ్బరు వాసన నోటిదాకా వచ్చింది. అమ్మమ్మ తన మూల తాను తడితువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. అమ్మ తన మాస్కు చేతిలో పట్టుకుని కొంచెంసేపు అలాగే నిలబడింది. తర్వాత వెళ్ళి దాన్ని అమ్మమ్మ మొహానికి పెట్టింది. అమ్మమ్మ తీసేయబోతే రెండు చేతులూ పట్టుకుంది.

"ఉంచు," అంది. ఎనిమిది రోజుల తర్వాత మొదటి మాట.

దూరంగా రెండుసార్లు ఢామ్మని మోగింది. కిటికీల ప్లాస్టిక్ లోపలికి ఉబ్బి మళ్ళీ వెనక్కి పోయింది. అమ్మ తడితువ్వాలు కట్టుకుని మా ఇద్దరి మధ్యా కూర్చుంది. చాలాసేపటికి సైరన్ మళ్ళీ మోగి, ఏమీ లేదు పొమ్మంది. నేను మాస్కు తీసేశాను. ఎవరూ లేవలేదు.

"అక్కడ నిజంగా ఏడ్చేదానివా?" అని అడిగింది అమ్మ, గోడ వైపు చూస్తూ.

"లేదే. ఏడిస్తే గొంతు పూడుకుపోద్ది, పద్యం పలకదు. ఎదటోళ్ళని ఏడిపించాలంటే మనం ఏడవకూడదు."

"ఉత్తరం వచ్చిన రోజు?"

అమ్మమ్మ మాస్కు పట్టీలని వేళ్ళతో తడుముకుంది. "ఆ రోజూ వేషం కట్టాను. ఒళ్ళో ఉన్న పిల్లాడిలో నువ్వే కనపడ్డావు. మొదటి పద్యం ఎత్తాను. రెండో పాదం రాలేదు. ఎంతకీ రాలేదు. జనం ఈలలేశారు. తెర దించేశారు. మర్నాటి నుంచి ఆ వేషం ఇంకోళ్ళకిచ్చేశారు."

"మరప్పుడైనా రావచ్చుగా?"

"ఏ మొహం పెట్టుకు వచ్చేదే? ఆ పొద్దే వచ్చుంటే తల్లిని. ఆట పోగొట్టుకుని వస్తే, దిక్కులేక వచ్చినదాన్నవుతాను. రేపెళ్దాం, రేపెళ్దాం అనుకున్నాను. ఆలస్యమైన కొద్దీ సిగ్గు పెరిగింది. ఆ సిగ్గుతోనే నాలుగేళ్ళు పోయాయి."

ఆవిడ క్షమించమని అడగలేదు. అమ్మ కూడా అలాంటి మాటేమీ అనలేదు. అమ్మ లేచి, "అన్నం వేడి చేస్తాను. నీకు మిరియాల చారు పెట్టనా?" అంది. "పెట్టు," అంది అమ్మమ్మ.

ఆ తర్వాత కదంబం మళ్ళీ వెయ్యలేదు. వెయ్యొద్దని ఎవరూ చెప్పలేదు, నాకే అడగబుద్ధి కాలేదు. యుద్ధం ఆగింది. కువైట్ నూనెబావుల పొగతో కొన్నాళ్ళు మధ్యాహ్నాలు కూడా సాయంత్రాల్లా ఉండేవి. ఆరేసిన బట్టల మీద నల్లటి మసి చుక్కలు. విమానాలు మొదలవగానే అమ్మమ్మకి టికెట్టు దొరికింది. ధహ్రాన్ విమానాశ్రయంలో అమ్మ ఆవిడ పాస్‌పోర్టు, కాగితాలు వరసగా పేర్చి చేతికిచ్చింది. ఏ గేటు, ఎక్కడ మారాలి, అన్నీ రెండుసార్లు చెప్పింది. అమ్మమ్మ అన్నిటికీ తలూపింది. లోపలికి వెళ్ళే ముందు మాత్రం, "ఈసారి జబ్బు చేస్తే చెప్పు," అంది.

"ఫోన్ చేస్తాను," అంది అమ్మ.

తర్వాత వాళ్ళిద్దరూ ఉత్తరాలు రాసుకునేవారు. నేను దొంగతనంగా చదివేదాన్ని. ఎండలెలా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయి, అంతే. కొన్నాళ్ళకి అమ్మకి దక్షిణాన జిజాన్ ఆస్పత్రికి ఉద్యోగం మారింది. గల్ఫ్ పిల్లలందరినీ పంపినట్టే నన్నూ చదువుకి ఇండియా హాస్టల్‌కి పంపారు. గేటు దగ్గర అమ్మ నా పెట్టె దించి చాలాసేపు వెళ్ళలేదు. "జ్వరమొచ్చినా చెప్పు, జలుబు చేసినా చెప్పు," అని పదే పదే అంది. వార్డెన్ చేత కూడా ఒప్పించుకుంది. అప్పుడు నాకది విసుగనిపించింది.

జబ్బు చేసింది అమ్మకే. నేను సెలవులకి జిజాన్ వెళ్ళిన ఏడాది ఆవిడకి మలేరియా వచ్చి మెదడుకెక్కింది, తర్వాత కిడ్నీలు దెబ్బతిన్నాయి. తాను పనిచేసిన వార్డులోనే నెలపైన మంచం పట్టింది. నాన్న అమ్మమ్మకి ఫోన్ చేయించారు. ఆవిడకప్పటికి ఎనభై దాటాయి. రావద్దు, ప్రయాణం చెయ్యలేరు అని కూడా ఆయనే చెప్పారు. ఆవిడ వినలేదు. వీసా వచ్చేదాకా రోజూ ఎస్.టి.డి. బూత్‌కి నడిచి వెళ్ళి, "ప్రాణం ఉందా?" అని ఒక్క ముక్క అడిగి పెట్టేసేదట. ఆ తర్వాత బస్సు, రైలు, జెద్దా దాకా విమానం, అక్కణ్ణుంచి జిజాన్‌కి చిన్న విమానం. చక్రాల కుర్చీలో కూర్చోబెడితే దాన్నే తోసుకుంటూ బయటికి వచ్చిందని నాన్న చెప్పారు.

ఇద్దరూ ఇప్పుడు లేరు. ముందు అమ్మమ్మ పోయింది, పదేళ్ళ కిందట అమ్మ. ఆ కంపెనీ తెరలు ఏ గోదాంలో చివికిపోయాయో, ఆ సముద్రాన్ని తిప్పినవాళ్ళెవరో చెప్పేవాళ్ళు లేరు. అదంతా కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరు కూడా నాకు తెలియదు. చూడని నేనొక్కదాన్నే ఇక్కడ దాన్ని గుర్తుపెట్టుకుని తిరుగుతున్నాను. ఎవరి తప్పు ఎంత అని ఎన్నోసార్లు ఆలోచించాను. తేలలేదు. తేల్చుకోవాలని కూడా ఇప్పుడు లేదు.

నాకు గుర్తున్నది జిజాన్ వార్డులో ఒక మధ్యాహ్నం. అప్పటికి అమ్మమ్మ వచ్చి మూడు రోజులైంది. మూడు రోజులూ ఆ స్టూలు మీదే కూర్చుంది. నర్సులు పొమ్మన్నా పోలేదు, నేను బతిమాలితే పాలు మాత్రం తాగింది. అమ్మ మగతలో ఎవరెవరినో పిలుస్తోంది గానీ మనుషుల్ని పోల్చుకోవడం లేదు. ఆ మధ్యాహ్నం కళ్ళు తెరిచి తిన్నగా అమ్మమ్మ వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"ఎప్పుడొచ్చావు?" అంది.

"వార్డెనమ్మ ఉత్తరం అందగానే బయల్దేరాను," అంది అమ్మమ్మ.

అమ్మ మళ్ళీ కళ్ళు మూసుకుంది. అమ్మమ్మ భుజాలు కదలడం చూసి నేను కిటికీ వైపు తిరిగిపోయాను.